మందుల పరీక్షలకు మనం కావాలి, లెక్కల్లో మన కులం వద్దు

2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటికీ తిరిగి కులం అడిగారు. ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని 2025 ఫిబ్రవరిలో లెక్క బయటపెట్టారు. ఆ ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం కూడా రాబోయే జనగణనలో కులాన్ని నమోదు చేస్తామని ప్రకటించింది. చదువులో, కొలువుల్లో, భూమిలో, చట్టసభల్లో మన వాటా ఎంతో తేల్చమని దశాబ్దాలుగా అడుగుతున్నాం. ఒక్క చోట మాత్రం ఈ ప్రశ్న గట్టిగా వేయలేదు. కొత్త మందుల్ని, టీకాల్ని మనుషుల మీద పరీక్షించే చోట. అక్కడ మన వాటా ఎంత?

హైదరాబాద్ అమీర్‌పేటలో 'క్లినికల్ సాస్' కోచింగ్‌కు పోయే బీఫార్మసీ, ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ విద్యార్థుల్లో మన సంక్షేమ హాస్టళ్లలో చదువుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. మందుల పరీక్షల సమాచారాన్ని పట్టికలుగా మార్చే ఉద్యోగానికి ఆ కోర్సు దారి. అందులో తొలిరోజుల్లోనే ఒక పట్టిక నేర్పుతారు. పరీక్షలో ఉన్న ఒక్కో మనిషికి ఒక్కో వరస. పేరు ఉండదు, సబ్జెక్ట్ నంబర్ ఉంటుంది. వయసు, లింగం, దేశం ఉంటాయి. అమెరికాకు పంపే ఫైలైతే 'రేస్' అని ఒక కాలమ్, 'ఎత్నిసిటీ' అని ఇంకో కాలమ్. మన మనిషికి మొదటిదాంట్లో 'ఏషియన్' అని, రెండోదాంట్లో 'హిస్పానిక్ లేదా లాటినో కాదు' అని పడుతుంది. పల్నాడు పల్లెలో మిరపకాయలు కోసే మనిషి లాటిన్ అమెరికా మనిషి కాదన్న సంగతి అమెరికా ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఏ వాడ నుంచి వచ్చాడో మాత్రం ఏ ప్రభుత్వ రికార్డులోకీ ఎక్కదు.

మేం స్టాటిస్టిక్స్‌కు వ్యతిరేకం కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఒకప్పుడు మందు పనిచేస్తుందా లేదా అన్నది పెద్ద డాక్టరు మాట మీద నడిచేది. గురువు చెప్పాడు, శాస్త్రంలో ఉంది, అంతే. ఆ పెత్తనాన్ని దెబ్బకొట్టింది అంకెలే. రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకు కొత్త మందు, ఇంకో గుంపుకు పాత మందు ఇచ్చి, చివర్లో ఎంతమంది బతికారో లెక్కపెట్టడం అన్నది ఒక రకంగా ప్రజాస్వామిక పని. పుట్టుకను చూసి కాదు, చీటీని బట్టి ఎవరు ఏ గుంపులోకి పోవాలో తేలుతుంది. అక్కడ ఎవరి మాటా ప్రమాణం కాదు. మాటను నమ్మి బాగా నష్టపోయినవాళ్లం మనం, అంకెను తోసిపుచ్చాల్సిన అవసరం మనకు లేదు. మా గొడవంతా ఆ చీటీలు వేసే గదిలోకి ముందుగా ఎవర్ని తోలుకొస్తున్నారన్నదాని మీదే. బయటికి పోయేటప్పుడు ఎవరి పేరు ఏ లెక్కలోంచి జారిపోతోందన్నదాని మీదే.

ఖమ్మం హాస్టళ్లు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో ఒక కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. అది సర్వైకల్ క్యాన్సర్‌ను నివారించే టీకా. ఇక్కడ వేసింది గార్డసిల్. గుజరాత్‌లో వడోదర జిల్లాలో సుమారు 10,000 మందికి సర్వారిక్స్ వేశారు. ఇక్కడ టీకా వేసింది ఎక్కువగా ప్రభుత్వ బడుల్లో, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో. ఆ హాస్టళ్లలో ఎవరి పిల్లలుంటారో మన పాఠకులకు చెప్పక్కర్లేదు.

కొన్ని నెలలకు మరణాల వార్తలు వచ్చాయి. 2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడారు. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు, అందులో ఐదుగురు మన రాష్ట్రం పిల్లలు. ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఆ మరణాలకు పురుగుల మందు, నీట మునగడం, పాము కాటు, మలేరియా వంటి వేరే కారణాలు చూపి, టీకాతో సంబంధం కనిపించలేదని తేల్చారు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. దుష్ప్రభావాలను గమనించి నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదంది.

సమ్మతి పత్రాల సంగతి అప్పుడే బయటికొచ్చింది. మన రాష్ట్రం నుంచి పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. అంటే వందకు 29 పత్రాల్లో అమ్మానాన్నల బదులు వార్డెన్ సమ్మతించాడు. ఇంకో 20 పత్రాల్లో, చదవలేని చేయి వేలు ముద్దరేసింది. రెండూ కలిపితే సగానికి సగం. కూలికి పోయి నాలుగు నెలలకోసారి బిడ్డను చూసుకునే తల్లికి, తన బిడ్డ ఒక పరిశోధన కార్యక్రమంలో ఉందని ఎవరు చెప్పారు?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఉద్యమంలో ఉన్నవాళ్లం దాన్ని దాటేసి పోకూడదు. ఐదుగురు పిల్లలు చనిపోయారు కాబట్టి టీకా వల్లే చనిపోయారని అనగలమా? అనలేం. పద్నాలుగు వేల మంది పిల్లల్ని ఏడాది పాటు గమనిస్తే, ఏ టీకా వేయకపోయినా కొందరు చనిపోతారు. మాటవరసకు ఆ వయసు ఆడపిల్లల్లో ఏడాదికి పదివేలకు ఐదుగురు చనిపోతారనుకుందాం. అప్పుడు 14,000 మందిలో ఏడుగురి మరణం మామూలుగా ఎదురుచూడాల్సిందే. ఐదు అన్న అంకె దానికంటే తక్కువే అవుతుంది. అయితే 'సంబంధం లేదు' అన్న తీర్పును కూడా ఇదే ప్రశ్న నిలదీస్తుంది. టీకా వేయించుకోని అలాంటి పిల్లల గుంపు ఏది? అదే మండలాల్లో అదే హాస్టళ్లలో అంతకుముందు ఏటా ఎంతమంది చనిపోయేవారో ఎవరు రాసిపెట్టారు? టీకా తర్వాత ఏ పిల్లకు మూర్ఛ వచ్చింది, ఏ పిల్లకు నెలసరి తేడా వచ్చింది అని ఎవరు రోజువారీ రిజిస్టర్‌లో ఎక్కించారు? బళ్లో నేర్చుకున్న భిన్నాల్లో పైది లవం, కిందిది హారం. లవం ఐదు అని పత్రికల వల్ల, కార్యకర్తల వల్ల తెలిసింది. ఆ ఐదును దేనితో పోల్చాలో చెప్పే లెక్క కట్టలేదు. హారం లేని చోట 'టీకా చంపింది' అన్నదీ నిలవదు, 'టీకాకు సంబంధం లేదు' అన్నదీ స్టాటిస్టిక్స్ తీర్పు కాదు. అది ఒక్కో శవం గురించి ఒక్కో అభిప్రాయం మాత్రమే.

మూడు సూత్రం అని స్టాటిస్టిక్స్‌లో చిన్న లెక్క ఉంది, విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. ఒక మందును 3,000 మందికి ఇచ్చాం, ఒక ఫలానా ప్రమాదం ఒక్కరికీ జరగలేదు. అయితే ఆ ప్రమాదం లేనట్టేనా? కాదు. మూడును 3,000తో భాగించాలి. వెయ్యికొకరికి జరిగే ప్రమాదమైనా ఆ పరీక్షలో కనిపించకుండా పోయి ఉండొచ్చు అని అర్థం. పదివేలకొకరికి జరిగే ప్రమాదాన్ని పట్టుకోవాలంటే ముప్పై వేల మందిని గమనించాలి. అందుకే అనుమతి వచ్చాక కూడా వేల మందిని గమనించే దశ ఉంటుంది. అది న్యాయమైన అవసరమే. కానీ ఆ దశకు ప్రాణం రిజిస్టర్‌లో ఉంటుంది. వేలమంది పిల్లలకు సూదులు వేసి, రిజిస్టర్ సరిగా పెట్టకపోతే పిల్లలు రిస్కు తీసుకున్నారు కానీ జ్ఞానం పుట్టలేదు.

ఇంకో మాట. హెచ్‌పీవీ టీకా పనికిరానిదని మేం అనడం లేదు. అది క్యాన్సర్‌ను నివారిస్తుందని ఆ తర్వాతి ఏళ్లలో అనేక దేశాల లెక్కలు చూపించాయి. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. మన ఆడపిల్లలకు అది ఉచితంగా అందాలనే అడగాలి. ఖమ్మంలో జరిగిన మోసం పేరు చెప్పి మన వాడల్లో టీకాలంటేనే భయం పెరిగితే, నష్టపోయేదీ మన ఆడవాళ్లే. ఆ భయాన్ని పుట్టించింది కార్యకర్తలు కాదు, వార్డెన్ చేత సంతకం పెట్టించినవాళ్లు.

ఉస్మానాబాద్‌లో లెక్క తేలింది

ఖమ్మంలో లెక్క కట్టలేదు. మరాఠ్వాడాలోని ఉస్మానాబాద్‌లో చాలా శ్రద్ధగా కట్టారు. దాని కథ ఇంకా కష్టంగా ఉంటుంది.

సర్వైకల్ క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్ష ఏది మేలో తేల్చడానికి 30 నుంచి 59 ఏళ్ల మహిళలు 1,31,746 మందిని 52 ఊళ్ల గుంపులుగా విడగొట్టారు. కొన్ని గుంపులకు హెచ్‌పీవీ పరీక్ష, కొన్నింటికి పాప్ స్మియర్, కొన్నింటికి వెనిగర్ రాసి చూసే పరీక్ష. నాలుగో రకం గుంపుల్లో 31,488 మంది మహిళలకు ఏ పరీక్షా చేయలేదు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన 34,126 మందిలో ఆ క్యాన్సర్‌తో 34 మంది చనిపోయారు. ఏ పరీక్షా చేయని 31,488 మందిలో 64 మంది చనిపోయారు. అంటే వెయ్యికి ఒకరు, వెయ్యికి ఇద్దరు. మరణాలు సగానికి తగ్గాయి. ప్రపంచమంతా ఈ అంకెను చూసి హెచ్‌పీవీ పరీక్షకు విలువ ఇచ్చింది. చక్కని పరిశోధన, చక్కని స్టాటిస్టిక్స్.

ఆ 64ను ఇంకోసారి చూడండి. పరీక్ష చేసిన గుంపులో ఉన్నంత మేరకే ఆ గుంపులోనూ మరణాలుంటే సుమారు 32 మంది మహిళలు మిగిలి ఉండేవాళ్లు. 'సగానికి తగ్గింది' అనే వాక్యం రాయడానికి ఆ ముప్పై రెండు చావులు అవసరమయ్యాయి. ఇదే తరహాలో ముంబై మురికివాడల్లో ఒక పరిశోధన, తమిళనాడు దిండిగల్‌లో ఇంకొకటి జరిగాయి. మూడింటిలోనూ పరీక్ష చేయని గుంపుల్లో ఉన్న మహిళలు దాదాపు 1,38,600 మంది. వాళ్లలో 254 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోయారని అమెరికన్ పాథాలజిస్టు ఎరిక్ సూబా 2014లో ఎత్తిచూపాడు. డబ్బు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నుంచి, గేట్స్ ఫౌండేషన్ నుంచి వచ్చింది.

పరిశోధకుల జవాబు తోసేయదగ్గది కాదు. ఆ ప్రాంతాల్లో అప్పటికి స్క్రీనింగే లేదు, మేం ఉన్నదాన్ని లాక్కోలేదు, 'ప్రస్తుతం అందుతున్న వైద్యం'తోనే పోల్చాం, ఆరోగ్య విషయాలు చెప్పాం అంటారు. ఒక్క మాట పట్టుకుందాం. ప్రస్తుతం అందుతున్న వైద్యం. ముంబైలో డబ్బున్న కుటుంబం ఆడమనిషికి అప్పటికే ప్రైవేటు ఆసుపత్రిలో పాప్ స్మియర్ అందుతోంది. మురికివాడ ఆడమనిషికి 'ప్రస్తుతం అందుతున్నది' సున్నా. ఆ సున్నా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఊరు ఒకవైపు, వాడ ఒకవైపు ఉండటం వల్ల పుట్టిన సున్నా అది. స్టాటిస్టిక్స్‌కు పోలిక కావాలి, పోలికకు ఏమీ అందని గుంపు కావాలి, ఏమీ అందని గుంపు ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుందో వెతకాల్సిన పని లేదు. వివక్ష కంట్రోల్ గ్రూపును ఉచితంగా తయారుచేసి పెట్టింది.

మరి అంత ఖరీదు పెట్టి సంపాదించిన అంకె ఎటుపోయింది? వెనిగర్ పరీక్ష మరణాల్ని 31 శాతం తగ్గిస్తుందని ముంబై పరిశోధన చెప్పింది. దేశమంతా అమలుచేస్తే ఏటా 22,000 ప్రాణాలు కాపాడొచ్చని అంచనా కట్టారు. ఆ తర్వాత వచ్చిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల భారత మహిళల్లో ఎప్పుడైనా ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. వంద మందిలో ఇద్దరు కూడా లేరు.

ఆకలి లెక్కలోకి దూరితే

కంపెనీలకు ఇంకోరకం పరీక్షలు కావాలి. పేటెంటు అయిపోయిన మందుకు చవక నకలు తయారుచేస్తే, అసలుతో సమానంగా ఒంట్లో కరుగుతుందని చూపాలి. దీన్ని బయో ఈక్వివలెన్స్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకసారి అసలు మందు, కొన్నాళ్ల విరామం తర్వాత నకలు మందు ఇచ్చి, గంటగంటకూ రక్తం తీస్తారు. రెండింటి నిష్పత్తి, దాని విశ్వాస అవధితో సహా, 80 నుంచి 125 శాతం మధ్యలో ఉంటే పాస్. ప్రతి మనిషీ తనతో తానే పోల్చబడతాడు కాబట్టి కొద్దిమంది చాలు. స్టాటిస్టిక్స్ ఇక్కడ మనుషుల్ని ఆదా చేసింది, అది మంచి విషయమే.

అయితే మనిషి రెండోసారీ రావాలి. రాకపోతే అతని రక్తం లెక్కకు పనికిరాదు. అందుకే డబ్బును పూర్తి హాజరుకు ముడిపెడతారు. వాంతి వచ్చిందనో, తల తిరుగుతోందనో చెబితే పరీక్ష నుంచి తీసేస్తారేమో, డబ్బు పోతుందేమో అని మనిషి నోరు మూసుకుంటాడు. ఒకచోట విరామం పూర్తికాకుండానే ఇంకోచోట ఇంకో మందుకు చేరతాడు, ఆ మాట దాస్తాడు. అప్పుడు 'దుష్ప్రభావాలు తక్కువ' అన్న అంకె తప్పు. రక్తంలో వేరే మందు ఉంటే 80–125 కూడా తప్పే కావచ్చు. పేదరికం మనిషిని ఒక్కదాన్నే పాడుచేయదు, లెక్కనూ పాడుచేస్తుంది. ఆ మందు మాత్రలు రేపు డబ్బున్నవాళ్లూ మింగుతారు. ఈ సంగతి వాళ్లకైనా ఎవరైనా చెప్పాలి.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతం నుంచి పేద మహిళల్ని హైదరాబాద్ తెచ్చి క్యాన్సర్ మందు ఇచ్చారన్న వార్త రాష్ట్రమంతా దుమారం రేపింది. దళారులు డబ్బు ఆశ చూపారని, ఏ మందు ఇస్తున్నారో అర్థమయ్యేలా చెప్పలేదని ఆరోపణలొచ్చాయి. ఆ సంస్థ అనుమతిని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి సస్పెండ్ చేశారు. దుమారం చల్లారింది. ఆ ఏడాది మన రాష్ట్రంలో అలా రక్తం ఇచ్చినవాళ్లు ఏ వాడలవాళ్లో, ఎన్నోసారి వచ్చినవాళ్లో ఎవరూ పట్టిక వేయలేదు.

చావు వెల

ఇందోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క ఇది: 2005 జనవరి నుంచి 2012 జూన్ దాకా 475 కొత్త రసాయనాల పరీక్షలు, చేరినవాళ్లు 57,303 మంది, చనిపోయినవాళ్లు 2,644 మంది. అందులో పరీక్ష వల్ల చనిపోయినవాళ్లు 80 మంది. మరణం కాని తీవ్ర దుష్ప్రభావాలు 11,972, అందులో పరీక్ష వల్ల కలిగినవి 506.

చనిపోయినవాళ్లలో చాలామంది అప్పటికే క్యాన్సర్‌తోనో గుండె జబ్బుతోనో ఉన్నవాళ్లు. 2,644 చావులూ మందు వల్లే అనడం అన్యాయం. కానీ వందకు మూడు అన్న ఆ 80 ఎలా వచ్చింది? ఒక్కో చావునూ పరిశోధకుడు, కంపెనీ, కమిటీ చూసి 'సంబంధం ఉంది', 'లేదు' అని ముద్ర వేయగా వచ్చింది. మందు పనిచేస్తుందని రుజువు చేయాలంటే రెండు గుంపులూ, పోలికా, పీ విలువా కావాలంటారు. మందు చంపలేదని చెప్పడానికి మాత్రం ఒక సంతకం సరిపోయింది. కొత్త మందు గుంపులో ఎంతమంది పోయారు, రెండో గుంపులో ఎంతమంది పోయారు అన్న పోలిక ఆ మొత్తం లెక్కలో కనిపించదు.

ఆ కేసు వల్ల ఒక మేలు జరిగింది. నష్టపరిహారానికి సూత్రం వచ్చింది, ఇప్పుడు 2019 కొత్త మందుల నిబంధనల్లో అది ఏడో షెడ్యూలు. మూల మొత్తం 8 లక్షలు, దాన్ని వయసు గుణకంతో, రిస్కు గుణకంతో గుణించి 99.37తో భాగించాలి. పదహారేళ్ల ఆరోగ్యవంతుడు చనిపోతే 8 లక్షలు గుణించు 228.54 గుణించు 4 భాగించు 99.37, అంటే సుమారు 73.6 లక్షలు. అరవై ఐదు దాటి, ఆర్నెల్లకు మించి బతకడన్న రోగి అయితే 4 లక్షలు. ఇందులో జీతం అన్న మాట లేదు, గమనించండి. రోడ్డు ప్రమాదం కేసుల్లో చనిపోయినవాడి సంపాదన చూసి పరిహారం కడతారు, కూలివాడి చావు చవకవుతుంది. ఈ సూత్రంలో కూలివాడికీ ఇంజినీరుకీ ఒకే 8 లక్షలు. మనకు నచ్చిన అరుదైన సమానత్వం ఇది.

కానీ రిస్కు గుణకం ఆరోగ్యవంతుడికి 4, చావుకు దగ్గరైనవాడికి 0.5. తేడా ఎనిమిది రెట్లు. జబ్బు ముదిరాక గానీ ఆసుపత్రికి రాలేనివాళ్లెవరు? ఊళ్లో ఆసుపత్రి లేనివాళ్లు, కూలి పోతుందని వాయిదా వేసుకునేవాళ్లు. ఆలస్యానికి కారణమైన వ్యవస్థ, ఆ ఆలస్యాన్నే చూపి పరిహారంలో కోత పెడుతుంది. ఈ సూత్రం మీద పెద్దగా చర్చే జరగలేదు.

కులం కాలమ్ ఎందుకు

అంకెల్లోంచి మనల్ని మాయం చేయడం కొత్తేం కాదు. 1932లో ఓటు హక్కు తేల్చే లోథియన్ కమిటీ తిరిగినప్పుడు, మా ప్రాంతంలో అంటరానివాళ్లు లేనేలేరని, ఉన్నా కొద్దిమందేనని కొన్ని రాష్ట్రాల సవర్ణ నాయకులు వాదించారు. ఆ కమిటీలో సభ్యుడైన అంబేడ్కర్ ఆ లెక్కలతో తలపడాల్సి వచ్చింది. ఇదే దేశంలో స్టాటిస్టిక్స్‌కు కులం అంటే ఏమీ ముట్టు లేదు. 1941లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో కులాలవారీగా తలలు, ముక్కులు కొలిపించి మహలనోబిస్, మజుందార్, మన తెలుగువాడు సి.ఆర్. రావు కలిసి విశ్లేషించారు. ఆ కొలతలతో స్టాటిస్టిక్స్ ఎంతో ఎదిగింది. ముక్కు కొలవడానికి పనికొచ్చిన కులం, మందుకు ఎవరి ఒళ్లు వాడారో చెప్పడానికి పనికిరాదా?

వైద్యానికి కులం తెలియదనుకోవడం కూడా భ్రమే. మన రాష్ట్రాల్లో ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్లు 'మీరు వైశ్యులా' అని అడగడం చాలామందికి అనుభవమే. ఆర్యవైశ్యుల్లో కొందరికి సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతో లోపిస్తుంది. వాళ్లకు సక్సినైల్‌కోలిన్ ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. తరతరాలుగా లోపలి పెళ్లిళ్ల ఫలితం అది. కులానికి మూలం లోపలి పెళ్లిళ్లేనని 1916లోనే కొలంబియాలో అంబేడ్కర్ చెప్పాడు. ఆ ప్రశ్న అడిగి డాక్టర్లు ప్రాణాలు కాపాడుతున్నారు, మంచిదే. అలాంటి శ్రద్ధ సికిల్ సెల్ ఉన్న ఆదివాసీ గూడెం మీద, రక్తహీనతతో ఉన్న మాదిగవాడ ఆడమనిషి మీద ఏ మందు పరీక్షలో కనిపించింది? రక్తం తక్కువుంటే చాలా పరీక్షల్లో చేర్చుకోరు. మందు బజారుకొచ్చాక ఇచ్చేది మాత్రం ఆమెకే.

అమెరికాలో టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లవాళ్లకు, పెన్సిలిన్ వచ్చాక కూడా, వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చున్నారు. అది బయటపడ్డాక అక్కడ ఉద్యమం నడిచింది. 1993లో చట్టం చేసి, ప్రభుత్వ డబ్బుతో జరిగే పరిశోధనల్లో మహిళల్ని, మైనారిటీ జాతుల్ని చేర్చాలని, లెక్క చూపాలని శాసించారు. మన పట్టికలోని ఆ 'ఏషియన్' కాలమ్ వెనక వాళ్ల పోరాటాల చరిత్ర కూడా ఉంది. మన కాలమ్ కోసం మనమింకా అడగనేలేదు.

కులం రాస్తే వ్యక్తిగత గోప్యత పోతుందంటారు. పేరే లేని పట్టికలో, మొత్తాలు మాత్రమే బయటపెట్టమంటే గోప్యత పోయేదేముంది? కుటుంబ ఆరోగ్య సర్వే ప్రతిసారీ కులం అడుగుతూనే ఉంది. రెండో అభ్యంతరం కాస్త బలమైనది, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు చెప్పేది. గుంపుల్ని ముక్కలు ముక్కలు చేసి ఒక్కో కులంలో మందు పనిచేసిందా అని వెతికితే, ఇరవై పోలికల్లో ఒకటైనా ఊరికే, యాదృచ్ఛికంగా 0.05 లోపు వచ్చేస్తుంది. నిజం. అందుకే కులాలవారీగా మందు పనితనం తేల్చమని మేం అడగడం లేదు. మూడే అడుగుతున్నాం. చేరినవాళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఇతరులు ఎందరు. మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎందరు. దెబ్బతిన్నవాళ్లు, చనిపోయినవాళ్లు, పరిహారం అందినవాళ్లు ఎందరు. దీనికి పీ విలువలు అక్కర్లేదు, కూడిక వస్తే చాలు.

భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏ ఆసుపత్రిలో ఏ మందు పరీక్ష జరుగుతోంది, ఎంతమందిని తీసుకుంటారు, ఏ వయసువాళ్లు, ఆడా మగా, ఎవర్ని చేర్చుకోరు, ఎథిక్స్ కమిటీ ఏది అన్నీ ఉంటాయి. జిల్లాల్లో పనిచేసే విద్యార్థి సంఘాలు తమ ఊరి ఆసుపత్రి పేరుతో అందులో వెతికి మొదలుపెట్టొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఎథిక్స్ కమిటీలో బయటి సామాన్య సభ్యుడిగా ఎవర్ని కూర్చోబెట్టారో సమాచార హక్కు కింద అడగొచ్చు.

ఖమ్మం జిల్లా 2016లో విడిపోయింది. తిరుమలాయపాలెం ఖమ్మంలోనే ఉంది, భద్రాచలం, కొత్తగూడెం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి. 2009లో సూది వేయించుకున్న ఆ పద్నాలుగు వేల మంది ఇప్పుడు ముప్పై ఏళ్ల దరిదాపుల్లో ఉంటారు. సర్వైకల్ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టాలని ప్రభుత్వం చెప్పే వయసు ముప్పై. వాళ్ల పేర్ల జాబితా ఏ ఆఫీసులో ఉంది, వాళ్లలో ఒక్కరికైనా ఆ పరీక్ష చేయించారా అన్నది రెండు జిల్లాల వైద్యాధికారులకూ పంపాల్సిన మొదటి దరఖాస్తు.